ఒంటిపెట్టె రైలూ, గేటు గారూ

మా ఆయన లెక్క ప్రకారం నాకున్న జబ్బు ఒక్కటే, రైళ్ళు. అదైనా మామూలు రైళ్ళ మీద మోజు అయితే సర్దుకుపోయేవారట. ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్సు ముందు నిలబెట్టినా నేను ఫోను చూసుకుంటూ కూర్చుంటాను. అదే రాజమండ్రి స్టేషన్లో ఓ మూల పట్టాల మీద, కరెంటు తీగలు బాగుచెయ్యడానికి నెత్తిన డాబా పెట్టుకుని తిరిగే బండి కనిపిస్తే చాలు, చేతిలో సామాను ఆయనకి అప్పగించి దాని దగ్గరికి పోతాను. ఓసారి నరసాపురం వెళ్ళినప్పుడు తోటి టీచర్లందరూ లేసు అల్లికలు చూడ్డానికి బజారుకి పోతే నేను స్టేషన్లోనే ఉండిపోయాను. అటు చివరా ఇటు చివరా డ్రైవరు గది ఉన్న డీజిల్ బండి ఒకటి వచ్చి ఆగింది. ఇంజను విప్పి అటు తీసుకెళ్ళి తగిలించే గొడవే లేదు. డ్రైవరు తన సంచి పుచ్చుకుని దిగి, ప్లాట్‌ఫారం పొడుగునా తీరిగ్గా నడిచి, అవతలి చివర ఎక్కాడు. అంతే, అప్పటిదాకా తోకగా ఉన్నది తలకాయ అయిపోయింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. బజారు నుంచి తిరిగొచ్చిన వాళ్ళు, ఈవిడ పిల్లలకి సైన్సు ఎలా చెబుతోందో అన్నట్టు చూశారు.

దీనికో మూలం ఉంది. మాది కోనసీమ. గోదావరి పాయలున్నాయి, సముద్రం ఉంది, కొబ్బరితోటలున్నాయి, రైలు మాత్రం లేదు. నా తొమ్మిదో ఏట చెవిపోటుకి వైద్యం చేయించడానికి మా నాన్న నన్ను రాజమండ్రి తీసుకెళ్ళారు. డాక్టరు దగ్గర పనయ్యాక, ఏడుపు మానితే రైలు చూపిస్తానని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. మేం వెళ్ళేసరికి పట్టాల మీద ఒక బల్ల వస్తోంది. బల్ల మీద కుర్చీ, కుర్చీలో టోపీ పెట్టుకున్న ఆఫీసరు, ఆయన మీద పెద్ద గొడుగు. వెనక ఇద్దరు మనుషులు ఉత్త కాళ్ళతో పట్టా మీదే పరిగెడుతూ దాన్ని తోస్తున్నారు. వేగం అందుకోగానే ఇద్దరూ ఒక్క గంతులో బల్ల మీదికెక్కి కూర్చున్నారు. బల్ల దానంతటదే పోతోంది. నా ఒళ్ళు జలదరించింది. చెవిపోటు గుర్తే లేదు. అది ఆఫీసర్లు పట్టాలు తనిఖీ చేసే ట్రాలీ అని నాకప్పుడు తెలీదు. ఆ మర్నాడు బళ్ళో అందరికీ, రైలంటే గొడుగు వేసిన బల్ల అని చెప్పాను. రైలు చూసొచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఓ ఏడాది పాటు మా క్లాసంతా అదే నమ్మింది.

పెద్దయ్యాక కాకినాడలో హైస్కూలు టీచరు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, అక్కడే స్థిరపడ్డాను. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు బస్సు నడుస్తోందని స్టాఫ్ రూములో ఎవరో అన్నప్పుడు, నేను టిఫిను బాక్సు మూత పెట్టి, ఏదీ మళ్ళీ చెప్పండి అన్నాను. ఒక్కటే పెట్టెట. ఇంజను ముందు ఉండదట. బస్సుకి ఉన్నట్టే కిందెక్కడో ఉంటుందట. గౌతమి గోదావరి ఒడ్డు దాకా వెళ్ళి ఆగిపోతుందట. ఆ ఒడ్డుకి అవతల నా కోనసీమ. చెప్పినావిడ, బస్సులో గంటంబావులో పోయే దూరానికి అది రెండు గంటలు తీసుకుంటుందని, ఎవరూ ఎక్కరని కూడా చెప్పింది. ఆ ముక్క నేను చెవిన పెట్టలేదు.

ఆ శనివారమే వెళ్ళాను. కాకినాడ టౌను స్టేషన్లో అంత పొడుగు ప్లాట్‌ఫారానికి ఒక చివర అది ఒక్కటీ నిలబడి ఉంది. పెళ్ళి పందిట్లో తప్పిపోయిన చిన్నపిల్లలా ఉంది. లోపల బస్సులో ఉన్నట్టే సీట్లు. ముందు ఎడంపక్క డ్రైవరు కుర్చీ, కుడిపక్క ఒక చిన్న సీటు, ఆ రెంటికీ ఎదురుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అద్దం. ఆ చిన్న సీట్లో నేను కూర్చోవచ్చా అని అడిగితే డ్రైవరు నన్ను ఎగాదిగా చూసి, ఎవరూ కూర్చోరండి, ఎండ కొడుతుంది అన్నారు. ఎండ నాకు ఇష్టమని చెప్పి కూర్చున్నాను.

బండి కదిలింది. కాళ్ళ కింద నుంచి ఏదో లేచి, మోకాళ్ళ మీదుగా నడుము దాకా వచ్చింది. ఇంజను నా అరికాళ్ళ కిందే ఉంది. డీజిలు ఇంజను ఎలా పనిచేస్తుందో ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో నూనె చిమ్మితే మండుతుంది, మంట తోస్తుంది. ఆ బొమ్మలో ఎక్కడా ఈ వణుకు లేదు. మామూలు రైల్లో మనకి కనిపించేవి పక్కకి పోయే చెట్లే. వెళ్ళే దారి డ్రైవరు సొత్తు. ఇక్కడ దారంతా నా ఒళ్ళోకి వస్తోంది. రెండు పట్టాలు దూరంగా ఒక్కచోట కలిసిపోయి ఉన్నాయి. మేం దగ్గరికి వెళ్తున్నకొద్దీ అవి విడిపోయి మాకు చోటిస్తున్నాయి. కరప దాటాక రెండు పక్కలా వరిచేలు, మధ్యలో మేం. పట్టా మీద కూర్చున్న కొంగ ఒకటి మమ్మల్ని చూసి, ఈ పాటి దానికి ఎగరాలా అన్నట్టు ఆలోచించి, చివరి క్షణంలో బద్ధకంగా లేచింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎండవల్ల అని డ్రైవరుకి చెప్పాను.

అంతకంటే విడ్డూరం ఆ తర్వాత చూశాను. చేల మధ్య రోడ్డు అడ్డం వచ్చిన చోట బండి ఆగిపోయింది. స్టేషను లేదు, ఏమీ లేదు. గేటు మాత్రం ఉంది, అదీ బార్లా తెరిచి ఉంది. మోటారు సైకిళ్ళు, ధాన్యం ట్రాక్టర్లు రైలు ముందు నుంచే అటూ ఇటూ పోతున్నాయి. అప్పుడు మా పెట్టెలోంచే ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు దిగారు. చంకలో రెండు జెండాలు, చేతిలో తాళాల గుత్తి. ఆయన నడుచుకుంటూ వెళ్ళి ఈ పక్క గేటు వేశారు, పట్టాలు దాటి వెళ్ళి ఆ పక్క గేటు వేశారు. నిలబడి పచ్చజెండా చూపించారు. మా బండి ఒక కూత కూసి మెల్లగా రోడ్డు దాటి అవతల మళ్ళీ ఆగింది. ఆయన రెండు గేట్లూ తీసి, గబగబా నడిచొచ్చి ఎక్కారు. బండి బయల్దేరింది. ఇంకో రోడ్డు వచ్చింది. మళ్ళీ అంతా మొదటి నుంచీ.

లోకమంతటా రైలు కోసం రోడ్డు ఆగుతుంది. ఇక్కడ రోడ్డు ఖాళీ అయ్యేదాకా రైలు ఆగుతుంది. ప్రతి గేటుకీ ఒక మనిషిని పెట్టడానికి బదులు, ఒక్క మనిషినే రైల్లో వెంట తిప్పుతున్నారు. తన గేట్లు తనే వేసుకుంటూ, తనే తీసుకుంటూ వెళ్ళే రైలు! ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, మన వీధి చివర పాలబ్బాయి సైకిలు దీనికంటే ముందు పోతుంది కదే అన్నారు. ఆయనతో నేను రెండు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత రెండో శనివారం వచ్చిందంటే నేను ఆ చిన్న సీట్లో ఉండేదాన్ని. పనేమీ లేదు. ఊరికే ఎక్కి, కోటిపల్లిలో ఊరికే దిగి, గోదావరిని చూసి, అదే బండిలో తిరిగొచ్చేదాన్ని. ఏ కల్వర్టు మీద చప్పుడు బోలుగా ఉంటుందో, రామచంద్రపురం ముందు ఏ వంపులో పెట్టె కుడికి ఒరుగుతుందో నాకు కంఠతా వచ్చు. ఆ లైను గురించి నాకు తెలియనిది లేదని ధీమాగా ఉండేదాన్ని.

గేటు వేసే ఆయన్ని లైను పొడుగునా అందరూ గేటు గారు అనేవారు. మా గోదావరి జిల్లాల్లో గేటుకైనా సరే గారు తగిలించకుండా పిలవలేం. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఎక్కువ మాట్లాడరు. ఎక్కినప్పుడల్లా తలుపు పక్కనున్న మడత సీటు మీద కూర్చునేవారు, కూర్చున్నారనేలోగా లేచేవారు. ఓసారి కోటిపల్లిలో బండి తిరుగు ప్రయాణానికి నిలిచి ఉన్నప్పుడు ఆయన పట్టాల పక్క నీడలో కూర్చుని టిఫిను తింటున్నారు. గేటు దాటేటప్పుడు రెండు పక్కలా బళ్ళు, మనుషులు ఆగి ఉంటే, మధ్యలోంచి మనం వెళ్తుంటే ఎంత గొప్పగా ఉంటుందోనని నేను నా ధోరణిలో చెప్పుకుపోతున్నాను. ఊరేగింపులో దేవుడికి అలాగే ఉంటుందేమో అని కూడా అన్నాను.

ఆయన అంతా విని, చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అన్నారు.

"నాకు తెలీదండి. గేటు దగ్గర నేనెప్పుడూ కిందే ఉంటాను కదండీ."

అన్నేళ్ళుగా ఆ బండిలో పోనూ రానూ తిరుగుతున్న మనిషి, ఒక్క గేటు కూడా బండిలో కూర్చుని దాటలేదు. బండి గేటు దాటే ప్రతిసారీ ఆయన నేల మీద ఉన్నారు. మేమందరం దాటాక ఎక్కారు. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఆయనే మళ్ళీ, రిటైరవడానికి ఇంకా రెండు నెలలే ఉందని, ఈలోగా ఒక్క గేటైనా కూర్చుని దాటాలని ఉందని చెప్పారు. చిన్నపిల్లాడు అడిగినట్టు సిగ్గుపడుతూ చెప్పారు. దానికేం భాగ్యం, సెలవురోజు టికెట్టు కొనుక్కుని ఎక్కండి అన్నాను. సెలవైతే పొలం పని, లేదంటే నిద్ర, రోజూ ఎక్కే బండి సెలవు రోజు కూడా ఎందుకని ఇన్నాళ్ళూ ఎక్కలేదట. రిటైరయ్యాక తీరిగ్గా ఎక్కుదురుగాని అని నేనంటే తల అడ్డంగా ఊపారు. అప్పటికి ఈ బండి ఉంటుందో ఉండదో అన్నారు. ఎక్కే జనం తగ్గిపోతున్నారన్నది మా ఇద్దరికీ తెలుసు. చివరికి వచ్చే రెండో శనివారానికి సెలవు పెడతానన్నారు. నా సీటు ఆయనకిస్తానని నేను మాటిచ్చాను. ఆ సీటు నేను మా ఆయనకి కూడా ఇవ్వలేదు.

ఆ రోజు ఆయన్ని చూసి మొదట పోల్చుకోలేకపోయాను. తెల్ల పంచె, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, భుజాన జరీ కండువా. పక్కన ఆయన భార్య, ఆవిడా పట్టుచీరలో. ఆయనకి రైల్వే పాసు ఉన్నా టికెట్లు కొన్నారు. పాసు మీదైతే డ్యూటీకి ఎక్కినట్టే ఉంటుందన్నారు. ఆయన బదులు ఇంకో లైను నుంచి వచ్చిన నడివయసు మనిషి ఖాకీ చొక్కాతో, జెండాలతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సంగతి డ్రైవరుకి తెలుసు, ఎప్పుడూ ఎక్కే పాతిక మందికీ తెలుసు. గేటు గారిని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ వెనక సీట్లో, నేను ఆవిడ పక్కన. ఆవిడ నాతో మెల్లగా అంది.

"ఇంట్లో ఏనాడూ తలుపు దగ్గరికి వెయ్యరండి. కుక్క వచ్చి కుండలో మూతి పెట్టినా వెయ్యరు. ఇక్కడ ఇన్ని గేట్లేస్తారంట!"

మొదటి గేటు వచ్చింది. బండి వేగం తగ్గింది. నేను ఆయన మొహంలోకే చూడాలనుకుని ముందుకి వంగాను. సీటు ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచారో, ఎలా లేచారో, బండి పూర్తిగా ఆగకముందే ఆయన కింద ఉన్నారు. కొత్తాయన ఈ పక్క గేటు వేస్తుంటే, పంచె ఎగ్గట్టుకుని ఆ పక్క గేటు వేసేశారు. మా బండి దాటింది. మేమంతా లోపల, ఆయన బయట. ఎక్కాక ఆయన్ని చూసి పెట్టెలో అందరూ పడీ పడీ నవ్వారు. డ్రైవరు కూడా నవ్వారు. గేటు గారు తల గోక్కుంటూ, కాలు ఆగలేదండి అన్నారు.

రెండో గేటుకి సీటు ముందున్న కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. అంతా బాగానే ఉంది. కానీ కొత్తాయనకి ఆ గేటు గొళ్ళెం పడటం లేదు. లాగుతున్నాడు, తోస్తున్నాడు. గేటు గారి చేతివేళ్ళు కడ్డీ మీద కదులుతున్నాయి. "పైకెత్తి లాగాలండి అది" అని అద్దంతో చెప్పారు. ఇంకోసారి చెప్పారు. మూడోసారి చెప్పడానికి ఆయన సీట్లో లేరు.

రామచంద్రపురం వచ్చేసరికి అందరికీ పంతం పట్టుకుంది. పాతిక మందీ కలిసి ఒక మనిషిని కూర్చోబెట్టలేమా అని. ఒకాయన భుజాలు పట్టుకుంటానన్నాడు. అరటిగెలతో ఎక్కిన ఒకావిడ ఆ గెల గేటు గారి ఒళ్ళో పెట్టించింది, దాన్ని కూడా చంకనేసుకుని దిగారు. ద్రాక్షారామంలో కొందరు దిగిపోతూ, ఈసారైనా కూర్చోండి గేటు గారూ అని బతిమాలి మరీ దిగారు. ఆయన నవ్వుతూనే ఉన్నారు గానీ ఆ నవ్వు క్రమంగా పాలిపోతోంది. ఇక గేట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. నాకు భయం వేసింది. ఈ మనిషి ఈ రోజు కూర్చోలేకపోతే ఇక ఎప్పటికీ కూర్చోలేడు. ఇంత కోరికనీ తన కాళ్ళే ఓడిస్తున్నాయి. ఇంకో రెండు గేట్లు వచ్చాయి, పోయాయి. రెండింటికీ ఆయన కిందే ఉన్నారు.

చివరి గేటు దూరాన కనబడుతోంది. అప్పటిదాకా నవ్వుతూ చూస్తున్న ఆయన భార్య లేచింది. ఆయన పక్కకి వెళ్ళి, తన చీరకొంగు తీసి, ఆయన కండువా చివరకి ముడేసింది. పెళ్ళిలో వేసే కొంగుముడి ఎలాగో అలాగే, రెండు చివర్లూ కలిపి గట్టిగా బిగించింది. వెనక ఎవరో అక్షింతలేవని వేళాకోళమాడారు. ఆవిడ నవ్వలేదు. ఆయన సీటు పక్కనే నేల మీద కూలబడి కూర్చుంది.

"నేనూ ఎప్పుడూ చూళ్ళేదు కదండీ. మీరు దిగిపోతే నాకు చూపించేదెవరు?"

బండి ఆగింది. ఆయన లేవబోయారు. సగం లేచాక కండువా లాగింది. ముడి వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. కూర్చున్నారు.

కొత్తాయన దిగాడు. ఈ పక్క గేటు వేశాడు, ఆ పక్క గేటు వేశాడు. గొళ్ళెం వెంటనే పడింది. నిటారుగా నిలబడి పచ్చజెండా చాపాడు. ఒక్క కూత. మా కాళ్ళ కింద ఇంజను గొంతు పెంచింది, బండి కదిలింది. ఎడంపక్క గేటుకి అవతల ఊక లారీ, దాని ముందు పిల్లలతో నిండిన ఆటో, సైకిలు పట్టుకుని ఒకాయన. కుడిపక్క కొబ్బరికాయల ట్రాక్టరు, మోటారు సైకిలు మీద దంపతులు. అందరూ ఆగి మా వైపే చూస్తున్నారు. ఆటోలోంచి పిల్లలు చేతులూపారు. గేటు గారి మొహం పక్కనుంచి కనిపిస్తోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కళ్ళార్పడం లేదు. పొలాల మధ్య ఒక మట్టి రోడ్డు దాటడానికి పట్టే పాటి సమయం, అంతే. ఆయన ఒక్క గేటు దాటారు. నేను ఆ లైన్లో ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు, కానీ ఆ కాస్త దూరం వెళ్ళినంత ఆశ్చర్యంగా నేనెప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదు.

అయితే నేననుకున్నట్టు ఆయన రోడ్డు మీది బళ్ళని చూడలేదు. తల తిప్పి తిప్పి, మెడ వెనక్కి విరిచి, జెండా పట్టుకున్న కొత్తాయన్నే చూశారు. అవతల బండి ఆగాక నా వైపు తిరిగారు.

"అందరూ రైలునే చూస్తున్నారండి. ఆయన్నెవరూ చూట్టం లేదు." తర్వాత నన్నే అడిగారు. "మీరిన్నేళ్ళు చూశారు కదండీ, నేనూ అలాగే నిలబడేవాణ్ణా?"

నాకు కల్వర్టులు తెలుసు. వంపులు తెలుసు. ఏ గేటు దగ్గర తుమ్మచెట్టుందో తెలుసు. ఆయన ఎలా నిలబడతారో తెలీదు. గేటు వచ్చినప్పుడల్లా నేను ఎదుటి అద్దంలోంచి దారిని చూశాను, ఆగిన జనాన్ని చూశాను, నన్ను దేవుడిలా మోసుకెళ్ళే బండిని మెచ్చుకున్నాను. ఆ జెండా పట్టుకున్న మనిషి వైపు ఒక్కసారీ తల తిప్పలేదు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"ఆ, అలాగేనండి" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపి కండువా ముడి విప్పడం మొదలుపెట్టారు. ఆవిడ చాలా గట్టిగా వేసింది, అది కోటిపల్లి దాకా ఊడలేదు.

కోటిపల్లిలో పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి కొంచెం నడిస్తే గౌతమి. రేవులో అవతలి ఒడ్డుకి పోయే పంటు కోసం మనుషులు, మోటారు సైకిళ్ళు బారు కట్టి ఉన్నాయి. నీళ్ళలో, రాబోయే రైలు వంతెన కోసం కట్టిన స్తంభాలు పైన ఏమీ లేకుండా నిలబడి ఉన్నాయి. ఎప్పుడొచ్చినా నేను వాటి వంక చూసి, మా కోనసీమలోకి మొదటి రైలు ఎలాంటిది వస్తుందోనని కలలు కనేదాన్ని. ఆ రోజు స్తంభాలు చూస్తున్నా మనసు వాటి మీద నిలవలేదు. గేటు గారు దంపతులు స్నానాల రేవు మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నారు. నాకూ పెట్టారు. నేను చెప్పిన అబద్ధమే గుర్తొచ్చి సగం ఆకులోనే వదిలేశాను.

తిరుగు ప్రయాణానికి డ్రైవరు అవతలి చివరకి మారి కూర్చున్నారు, అటూ అలాంటి చిన్న సీటే ఉంది. మళ్ళీ ముందు సీటు ఇవ్వబోతే గేటు గారు వద్దన్నారు. ఒక్క గేటు చాలండి, చూసేశానన్నారు. తలుపు పక్క తన మడత సీటు మీద కూర్చున్నారు. నేనూ ముందుకి పోలేదు. తలుపుకి దగ్గరగా, కిటికీ పక్కన కూర్చున్నాను. నా చిన్న సీట్లో గేటు గారి భార్య కూర్చుని, అద్దం మీద చెయ్యి ఆనించి, దారంతా తన ఒళ్ళోకి రానిచ్చింది.

మొదటి గేటు దగ్గర బండి ఆగింది. కొత్తాయనతో పాటు గేటు గారు కూడా దిగారు. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఆపలేదు. కొత్తాయన అవతలికి వెళ్ళాడు. గేటు గారు ఇవతలి గేటు వేసి, దాని ముందు నిలబడ్డారు. కుడి చెయ్యి ముందుకి చాపారు. చేతిలో జెండా లేదు, అయినా వేళ్ళు కర్రని పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి. నేను కిటికీలోంచి మెడ బయటపెట్టి, రైలు మొత్తం ఆయన ముందు నుంచి దాటిపోయేదాకా చూశాను. రెండో గేటు దగ్గరా చూశాను. ద్రాక్షారామం, రామచంద్రపురం, కరప, అన్ని గేట్ల దగ్గరా చూశాను. ఆ రోజు ముందు దారి ఎలా ఉందో నాకు తెలీదు.

కాకినాడలో దిగాక ఆయన దండం పెట్టి సెలవు తీసుకోబోతుంటే ఆపాను.

"పొద్దున మీరడిగినప్పుడు అలాగే అన్నాను. అది చూడకుండా చెప్పింది, నన్ను క్షమించండి. ఇప్పుడు చూశాను. మీరు ఆయనలా నిలబడరండి. ఆయన రైలు వంక చూస్తాడు. మీరు రైలు వంక ఒక్కసారి కూడా చూడరు. రోడ్డు మీద జనాన్నే చూస్తారు. కుడి చెయ్యి మాకు చూపిస్తారు, ఎడం చెయ్యి వాళ్ళ వైపు పెట్టి, అరచెయ్యి తెరిచి, వాళ్ళని ఆపుతారు. బండి చివర దాటేదాకా ఆ చెయ్యి దించరు."

ఆయన ఆశ్చర్యపోయారు. ఆ సంగతి ఆయనకీ తెలీదు.

ఆ బండి ఇప్పుడు లేదు. కరోనాకి ఆగింది, మళ్ళీ పట్టాల మీద నాకు కనిపించలేదు. గేటు గారు అంతకుముందే రిటైరై ఊరు చేరారు. ఎప్పుడైనా స్కూటీ మీద అటు వెళ్ళి ఆ లైన్లో ఏ గేటైనా దాటవలసి వస్తే, రాని రైలు కోసం ఆగి అటూ ఇటూ చూస్తాను. వెనక హారన్లు కొడతారు. కొట్టనివ్వండి. నాకు గుర్తొచ్చేది పట్టాలు కావు, నన్ను ఏడిపించిన కొంగా కాదు. కాకినాడ ప్లాట్‌ఫారం మీద జరీ కండువా వేసుకున్న ఒక మనిషి.

"ఈ చెయ్యాండీ?" అని అడిగారు ఆ రోజు.

"ఆ చెయ్యేనండి" అన్నాను.

ఆయన ఎడమ చేతిని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత భార్యకి చూపించారు.